లక్కమ్మ వెనుకకు పంపిన బియ్యము



కాయకము, దాసోహము అను రెండు మాటలు మన ఇండ్లలో పసిబిడ్డలకు సైతము తెలియును. కాయకము ఇంటి వెలుపల జరుగుననియు, దాసోహము మఠములో జరుగుననియు మనలో పెక్కురి తలంపు. ఈ రెంటి నడుమ మరియొక తావు కలదు. చెమటోడ్చి తెచ్చిన రూక ధాన్యముగా మారి, ధాన్యము అన్నమై, అన్నము ఇష్టలింగమునకు అర్పితమై ప్రసాదమగు తావు అది. అదియే వంటయిల్లు. వంటయింటి ఖర్చులను గూర్చి మాటలాడుట ధర్మోపన్యాసమునకు తగదని కొందరు ముఖము చిట్లింపవచ్చును. పప్పు ఉప్పుల లెక్కకును పరమార్థమునకును పొత్తేమని అడుగవచ్చును. అట్టివారు ఆయ్దక్కి లక్కమ్మ కథను మరచినవారు.

పండ్రెండవ శతాబ్దమున బిజ్జలుడు కల్యాణ నగరమును ఏలుచుండెను. బసవన్న ఆయనకు మంత్రి. నేటి రాయచూరు ప్రాంతపు అమరేశ్వరమునుండి మారయ్య, లక్కమ్మ అను పేద దంపతులు కల్యాణమునకు వచ్చిరి. కన్నడమున ‘ఆయ్దు’ అనగా ఏరి, ‘అక్కి’ అనగా బియ్యము. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే మారయ్య కాయకము. అందుచేతనే దంపతులకు ఆ పేరు వచ్చినది. ఏరి తెచ్చిన బియ్యమును లక్కమ్మ వండి, జంగమునకు పెట్టి, మిగిలిన ప్రసాదముతో ఇరువురును పొట్ట నింపుకొనుచుండిరి.

ఒకనాడు మారయ్య శరణుల గోష్ఠిలో మునిగి పొద్దు మరచెను. కాయకవేళ దాటుచున్నదని లక్కమ్మ హెచ్చరింపగా ఆయన పరుగున పోయి, బసవన్న మహామనె ముంగిట గింజలు ఏరి, మూటగట్టి తెచ్చెను. ఆ దంపతుల పేదరికమును చూచి బసవన్నయే ఆనాడు ఎక్కువ గింజలు చల్లించెనని పెద్దలు చెప్పుదురు. మూట విప్పిన ఇల్లాలికి సంగతి తెలిసినది. ఏనాడును లేనంత బియ్యమున్నది. సంతోషింపవలసిన చోట ఆమె నొచ్చుకొనెను. రాజులకు తగిన ఆశ శివశరణులకు ఏల, మనకు చాలినదానికంటె ఎక్కువ శివునకు సమ్మతము గాదు, దీనిని తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను పంపెను. మారయ్య మారుమాట లేక పోయి పోసి వచ్చెను. తరువాత ఆ పిడికెడు బియ్యముతోనే ఆమె లక్ష తొంబది ఆరువేల మంది జంగములకు ఆరోగణ చేయించెనని ఐతిహ్యము.

ఈ కథను మనము చెప్పుకొనునప్పుడు తుదనున్న మహిమను పట్టుకొందుము. నడుమ నున్న లెక్కను వదలుదుము. ఇద్దరికిని, ఇంటికి వచ్చు జంగమునకును ఆ పూటకు ఎంత బియ్యము కావలయునో లక్కమ్మకు తెలియును. కంటితో చూచినంతనే హెచ్చుతగ్గులు పోల్చినది. ఇంటిలో ఎంత వండవలెనో, ఎంత చాలునో ఎరిగిన ఇల్లాలు గనుకనే ఎక్కువను ఎక్కువ అని చెప్పగలిగినది. కొలత తెలియనివారికి అత్యాశయు కనబడదు, కొరతయు కనబడదు.

ఇచ్చట ఒక సందేహము రాక మానదు. రేపటికని కూడబెట్టుట శరణధర్మము గాదని వచనకారులు పలుమారులు హెచ్చరించిరి గదా, మరి పొదుపు చేయుడని బోధించుట ఎట్లు పొసగును? పొదుపు వేరు, పోగు వేరు. అన్యుల నోటికి అందవలసినది మన ఇంట మూలుగుట పోగు. మన చేతిలోనిది చెత్తకుప్ప పాలుగాక, అప్పుల పాలుగాక, ఆకలిగొన్న నోటికి చేరునట్లు చూచుకొనుట పొదుపు. లక్కమ్మ మూటను వెనుకకు పంపుట ఎట్టి ధర్మమో, ఉన్న గింజలలో ఒక్కటియు నేలపాలు గానీయక వండుటయు అట్టి ధర్మమే.

ఇప్పుడు కల్యాణమునుండి భాగ్యనగరమునకు వత్తము. దారి దూరము గాదు. ఎర్రగడ్డమీదుగా పోవు ముంబాయి రహదారి జహీరాబాదు, హుమనాబాదు దాటి బసవకల్యాణమునకు చేరువగనే పోవును. ఆ ఎర్రగడ్డకు ప్రక్కనే బోరబండ. ఒకవైపు సనత్‌నగరు కర్మాగారములు, మరొకవైపు రహమత్‌నగరు, యూసఫ్‌గూడ. వానికి ఆవల సినీకార్మికులకు నెలవైన కృష్ణానగరు. ఇంకను పైకెక్కిన జూబిలీహిల్సు, ఫిల్మ్‌నగరు. ఆ కొండమీద ఒక చిత్రనిర్మాణశాలకు అన్నపూర్ణ అనియే పేరు. క్రింద బోరబండ ఇరుకు వీధులలో రోజుకూలీపై బ్రతుకువారు వేలమంది కలరు. సెట్టింగులు కట్టు వడ్రంగులు, దీపములు మోయువారు, వాహనములు నడుపువారు, కొండమీది భవనములలో గిన్నెలు తోమి బట్టలుతుకు స్త్రీలు, సనత్‌నగరు కార్మికులు.

సినీకార్మికుని రాబడి నెలజీతము వంటిది గాదు. కాల్‌షీటు ఉన్ననాడు కూలి, ఆనాటి భోజనము గూడ చిత్రీకరణ తావుననే. లేనినాడు రెండును లేవు. 2020 మార్చిలో కరోనాచేత చిత్రీకరణలన్నియు ఒక్కసారిగా నిలిచిపోయినప్పుడు నటుడు చిరంజీవి పూనికతో ఏర్పడిన కరోనా క్రైసిస్ ఛారిటీ ఆ కుటుంబములకు బియ్యము పప్పులు పంచవలసి వచ్చెను. 2025 ఆగస్టులో వేతనముల పెంపునకై కార్మికుల సమాఖ్య సమ్మెకు దిగినపుడు రెండు వారములకు పైగా పనులు ఆగెను. సమ్మె న్యాయాన్యాయములు ఇచ్చట ప్రస్తుతము గావు. ఆ రెండు వారములును పొయ్యి ఎట్లు వెలిగినది అనునదే ఇల్లాలి ప్రశ్న.

ఇట్టి ఇంట మొదటి నియమము, వచ్చిన కూలిని పనియున్న దినములతో గాక నెలలోని దినములతో భాగించుట. పదునైదు దినముల కూలి ముప్పది దినముల అన్నమని తెలిసినచో పనియున్ననాడు మిఠాయి దుకాణమునకును, పనిలేనినాడు కిరాణా ఖాతాకును పోవు అలవాటు తగ్గును. ఖాతాపై తెచ్చిన సరకునకు బేరమాడు నోరుండదు. అంగడివాడు ఇచ్చినదే సరకు, చెప్పినదే వెల. కూలి చేతబడిన దినముననే బియ్యము, కందిపప్పు, నూనె, ఉప్పు, చింతపండు అను అయిదింటిని ముందుగా కొని, తక్కినవి తరువాత చూచుకొనవలెను. చిన్నచిన్న పొట్లములలో కొన్న పప్పు నూనెలకు కిలో లెక్కన చూచిన ఎక్కువ వెల పడును. పెద్ద మొత్తము కొనుటకు పేదవాని చేత రొక్కముండదు. దీనికి ఉపాయము పొరుగుతో కలియుటయే. నాలుగిండ్లవారు కూడి 25 కిలోల బియ్యపు బస్తా తెచ్చి పంచుకొన్నచో ఎవరికిని బరువు గాదు. అనుభవ మంటపమున సకల కాయకములవారును కలిసి కూర్చుండినట్లు ఒక వాడలోని ఇల్లాండ్రు బస్తా చుట్టు కూర్చుండుటలో తప్పేమి?

బియ్యము సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. మన ఇండ్లలో అధికముగా వృథాయగునది అన్నమే. కొలతలేక, కంటిచూపుతో గిన్నెలో పోయుటయే కారణము. అయిదుగురున్న ఇంట దినమునకు 100 గ్రాముల బియ్యము ఎక్కువ పోసి, ఆ అన్నము పారవేసిరనుకొందము. ఏడాదికి 36 కిలోలు దాటును. అనగా ఒక బస్తా, మరి సగము బస్తాకు చేరువ. బస్తాన్నర బియ్యమును మోరీలో పోయువారిని చూచిన మనము పిచ్చివారందుము. దినము నూరు గ్రాముల చొప్పున పోసినచో ఎవరును చూడరు, అంతియే భేదము. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనది. అందు నూటికి 60 పాళ్లు ఇండ్లలోనుండి పోయినదే. మన దేశమున ఇండ్లలో మనిషి ఒక్కింటికి ఏడాదికి 55 కిలోలని అందే అంచనా. ఈ లెక్కలో తినరాని తొక్కలును చేరియున్నవి. అయినను తక్కువ గాదు.

కావున వంటయింట ఒక గ్లాసునో, పాత సోలనో నియమించుకొనవలెను. పెద్దలకు ఇంత, పిల్లలకు ఇంత అని వారము దినములు కొలిచి చూచిన లెక్క తానే కుదురును. అన్నమును వార్చి గంజి పారబోయుటకంటె ఎసరు సరిపోసి ఇగిర్చుట మేలు. గంజితోబాటు బియ్యపు సారమును కొంత పోవును. వార్చుట తప్పని ఇంట ఆ గంజిలో ఉప్పును చల్లయు కలిపి త్రాగవలెను. బియ్యమును ఒకటి రెండు మారులు కడిగిన చాలును. నాలుగైదు మారులు పిసికి కడుగుట శుచి గాదు, సారమును కడిగివేయుట. రాత్రి మిగిలిన అన్నములో నీరు పోసి ఉంచిన చద్దియన్నము ప్రొద్దున ఉల్లిగడ్డతో, చల్లతో ఎంత హాయియో మన తాతముత్తాతలు ఎరుగుదురు. ఎండకాలమున అది పులిసి చెడకుండ చూచుకొనవలెను. చెడినదానిని పొదుపు పేరిట పిల్లలకు పెట్టి వైద్యునికి రూకలు పోయుట తెలివి గాదు.

రేషను బియ్యమనగా కొందరికి చిన్నచూపు. 1983లో నందమూరి తారకరామారావు కిలో 2 రూపాయల బియ్యమును ప్రవేశపెట్టిననాటినుండి నలుబది యేండ్లుగా ఆ బియ్యము ఎన్ని లక్షల పొయ్యిలపై ఉడికినదో లెక్కకు అందదు. దొడ్డుబియ్యము నచ్చదని దానిని అగ్గువకు అమ్మి, అంగడిలో సన్నబియ్యమును పిరముగా కొనుట బస్తీలలో చాలకాలము సాగినది. అది చట్టవిరుద్ధము, తెలివితక్కువ కూడ. 2025 ఉగాదినాటినుండి తెలంగాణలో మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యమే ఉచితముగా ఈయబడుచున్నది గనుక ఆ సాకును తీరినది.

బియ్యము తరువాత ఇంధనము. సిలిండరులో 14.2 కిలోల గ్యాసుండును. అది ఎన్ని దినములు వచ్చునన్నది వండు చేతిని బట్టియుండును. మూతలేని గిన్నెలో నీరు కాగుటకు పట్టు గ్యాసులో కొంత గాలికే పోవును. నీరు ఒకసారి తెర్లిన తరువాత మంట ఎంత పెంచినను ఆ నీటివేడి 100 డిగ్రీలను మించదు. పెద్దమంట వలన ఆవిరి పెరుగునే గాని పప్పు త్వరగా ఉడుకదు. కావున తెర్లినంతనే మంట తగ్గింపవలెను. కందిపప్పును అరగంట, శనగలను అలసందలను రాత్రియంతయు నానబెట్టినచో పొయ్యిమీద సగము పని తగ్గును. కుక్కరున్నవారు అడుగు గిన్నెలో పప్పు, పై గిన్నెలో అన్నము ఒకేసారి పెట్టవచ్చును. కూరలన్నియు తరిగి, పోపు సామాను చేరువ నుంచుకొని, పిమ్మట పొయ్యి వెలిగింపవలెను. పొయ్యి వెలిగించి ఉల్లిగడ్డకై వెదకు ఇండ్లు ఎన్నియో! ఇంటివారందరును ఒకేవేళ భుజించినచో కూరను నాలుగుమారులు కాచు బాధ తప్పును. ఇది ఇల్లాలి చేతిలో లేదు, తక్కినవారి కాళ్లలో నున్నది.

కూరగాయలకు బోరబండవారికి ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో రైతుబజారులు మొదలైనవి. రైతే తెచ్చి అమ్మును, వెల పలకమీద వ్రాసియుండును. ప్రొద్దున పోయినచో మేలైన సరకు దొరకును, సాయంకాలము పోయినచో చౌకగా దొరకును. ఆ పూటనే వండుకొను తోటకూరకు, పుంటికూరకు సాయంకాలమే చాలును. ఇట్టి చోట్ల ఇల్లాలు అడుగవలసినది, ఏ కూర ప్రియమైనదని గాదు, ఏ కూరకు ఇది ఋతువు అని. 2023 జూలైలో టమాటా కిలో నూరు రూపాయలు దాటినప్పుడు టమాటా లేనిదే పప్పు ఎట్లని నగరమంతయు గగ్గోలు పెట్టెను. బసవన్నగారి కల్యాణములో టమాటా లేదు. మిరపకాయ లేదు, ఆలుగడ్డ లేదు. అవి అమెరికా ఖండమునుండి ఓడలపై వచ్చినవి. ఆ ఓడలు బసవన్న కాలమునకు మూడు నూర్లయేండ్ల తరువాతివి. మహామనెలో లక్షలమందికి దాసోహము జరిగినది చింతపండుతోను, మిరియములతోను, ఆకుకూరలతోనే గదా! టమాటా పిరమైననాడు పప్పులో చింతపండు, మామిడికాయ, చింతచిగురు, పుంటికూరలలో ఏది దొరకిన అది వేసినచో నాలుకకు లోటు రాదు.

కొనిన కూరలో సగము పారవేయుట మరియొక దురలవాటు. బీరకాయ పొట్టు పచ్చడి యగును. సొరకాయ తొక్క పచ్చడి యగును. కొత్తిమీర కాడలు చారులో పడవలెను. తోటకూర కాడలు పులుసులో పడవలెను. ముల్లంగి ఆకును, క్యాబేజీ నడిమి ముక్కయు తినదగినవే. ఏ వీధి మలుపుననైనను మునగచెట్టు ఒకటి యుండును. అడిగి కోసుకొన్న పిడికెడు మునగాకు పప్పులో వేసిన ఖర్చు లేదు, సత్తువ యున్నది. జొన్నరొట్టె మన బీదరు, జహీరాబాదు కుటుంబముల తరతరాల తిండి. అది ఒకప్పుడు పేదవాని తిండి. ఇప్పుడు నగరపు అంగళ్లలో చిరుధాన్యములు సన్నబియ్యముతో పోటీపడు వెల పలుకుచున్నవి. ఊరినుండి జొన్నలు తెచ్చుకొనగలవారు అదృష్టవంతులు.

నిలువ సరకునకు ఏడాదిలో ఒక వేళ యుండును. కొత్త కందిపప్పు సంక్రాంతి దాటిన పిమ్మట, చింతపండును ఎండుమిర్చియు ఎండకాలపు మొదట. పప్పులకు కొంచెము ఆముదము పట్టించి ఎండబెట్టి డబ్బాలో పోసినచో పురుగు పట్టదు. నూనె విషయమున పొదుపు హద్దు దాటరాదు. వేచిన నూనెను మరల మరల కాచుట, వీధిలో పేరులేని విడి నూనెను చౌకయని తెచ్చుట రోగమును కొనుటయే. బజ్జీలు వారమునకు రెండుమారులనుండి నెలకు రెండుమారులకు తగ్గించినచో నూనె ఖర్చు తానే దిగివచ్చును.

ఇంతవరకు చెప్పినదంతయు తెలిసిన ఇల్లాండ్రే చాలమంది. వారికి తెలియని రహస్యము ఏదియు ఇందులేదు. ఇక చెప్పబోవునది పురుషులు కూడ వినవలసినది.

వంటయింటి పొదుపు చాల ఇండ్లలో ఎవరి విస్తరిలోనుండి తీయబడుచున్నది? భర్తకు వడ్డించి, పిల్లలకు వడ్డించి, అత్తమామలకు పెట్టి, తుదకు గిన్నె అడుగున మిగిలిన మాడుముద్దతో, చారునీళ్లతో ఇల్లాలు పూట గడుపును. పప్పు అయిపోయినది, నాకు ఆకలిలేదు అనును. పాలు పిల్లలకు చాలినవి, నాకు టీనీళ్లు చాలుననును. దీనిని మనము త్యాగమని పొగడుదుము. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో తెలంగాణమున 15 మొదలు 49 యేండ్ల స్త్రీలను పరీక్షింపగా నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో నున్నట్లు తేలినది. దేశమంతట లెక్కయు ఇంచుమించు అంతియే. ఈ రక్తహీనతకు కారణములు పెక్కు కలవు. తుది పంక్తిలో తినుట వానిలో ఒకటి. మన ఇండ్లలో లింగధారిణియైన స్త్రీ తన ఇష్టలింగమునకు తానే నైవేద్యము పెట్టును. స్త్రీ పురుష భేదమును తొలగించి ఆడుదానికి లింగము నిచ్చినవారు శరణులు. మరి ఆమె లింగమునకు అర్పించు పళ్లెములో మాడుముద్దయు, భర్త లింగమునకు అర్పించు పళ్లెములో నేయియు నుండుట ఏ ధర్మము?

ఆయ్దక్కి దంపతులలో లెక్క చూచినది ఎవరో మరల తలచుడు. బియ్యము తెచ్చినవాడు మారయ్య, చాలును అన్నది లక్కమ్మ. ఆమె చెప్పినది అతడు వినెను. నేటి ఇండ్లలో ఖర్చు తగ్గించు పని ఇల్లాలిదియు, ఖర్చుపెట్టు అధికారము మరియొకరిదియు నగుచున్నది. చింతపండు రెబ్బలను లెక్కించు గృహస్థుడు సాయంకాలము మద్యమునకో, గుట్కాకో పోయు రూకలను లెక్కించుట లేదు. మద్యము మనకు నిషిద్ధమని వేరుగా చెప్పనక్కరలేదు, అయినను చెప్పవలసివచ్చుచున్నది. రాబడి ఎంతయో, అప్పు ఎంతయో ఇల్లాలికి తెలిపి, ఆమె కోరిన కొలతకు ఇంటివారందరును లోబడినప్పుడే అది లక్కమ్మ ఇంటి పొదుపు. పిల్లల పాలు, ఇల్లాలి పప్పు, ముసలివారి మెత్తని అన్నము, ఈ మూడింటిని తగ్గింపరాదు. తగ్గింపదలచినవారు తక్కినవన్నియు తగ్గించి చూడవలెను.

ప్రభుత్వము కల్పించిన భోజనములను వాడుకొనుటకు కొందరు భక్తులు సిగ్గుపడుదురు. కాయకవంతుడు భిక్ష తినరాదను మాట నిజమే. పన్ను కట్టు ప్రజలకు హక్కుగా వచ్చునది భిక్ష గాదు. 2015 నుండి తెలంగాణ అంగన్‌వాడీలలో గర్భిణులకు, బాలింతలకు ఒకపూట పూర్తి భోజనమును పాలును ఏర్పరుపబడినవి. శాకాహారులైన మనవారు గ్రుడ్డు వలదని చెప్పి తక్కినది పుచ్చుకొనవచ్చును. 2014లో నగరపాలక సంస్థ ఆరంభించిన 5 రూపాయల భోజనము పని వెదకుకొను కార్మికునికి మధ్యాహ్నపు ఆధారమైనది.

ఇక విందులు. ఏడాది పొడవున ఇంట మిగిల్చినది ఒక్క పెండ్లిలో విస్తళ్లలో పారవేయుదుము. ఇరువది రకములు వండించి, అతిథి వలదన్నను వడ్డించి, సగము తిని లేచిన విస్తరిని చూచి మర్యాద జరిగినదని మురియుదుము. లింగార్పితమైన పదార్థము ప్రసాదము. ప్రసాదమును విడుచుట మనకు అపరాధము. పళ్లెమును నీటితో కడిగి ఆ నీటిని సైతము త్రాగు జంగములను, పెద్దలను మన మఠములలో నేటికిని చూడవచ్చును. వారిని చూచి ముక్కు విరుచు యువకులు కలరు. వారు చేయుచున్నది మితవ్యయముగానే తోచవచ్చును. వారికి మాత్రము అది అన్నమునకు మ్రొక్కు. ప్రసాదము విడువరాదని పిల్లల నోట బలవంతముగా కుక్కుటయు తగదు. ముందు కొంచెము వడ్డించి, మరల అడిగినప్పుడు మరల వడ్డించుటయే పద్ధతి. వలదన్న అతిథిని నమ్ముట కూడ మర్యాదయే.

అరువది ముగ్గురు పురాతనులలో ఇళయాన్‌కుడి మారనాయనారు కథ వినని భక్తులుండరు. సంపదంతయు దాసోహమునకు కరగిపోయినది. వానకురియు రాత్రి ఒక శివభక్తుడు గుమ్మము నెక్కెను. ఇంట గింజ లేదు. ఆనాడు పొలములో చల్లిన విత్తనపు వడ్లను చీకటిలో తడుముచు ఏరి తెచ్చెను నాయనారు. కట్టెలు లేవు, ఇంటికప్పు వాసములను నరికి యిచ్చెను. కూర లేదు, దొడ్డిలో ఇంకను ఎదుగని ఆకుకూరను పెరికి తెచ్చెను. ఆ తడివడ్లను వేచి, దంచి అన్నము వండినదియు, ఆ ఒక్క ఆకుకూరతోనే పలు తీరుల కూరలు చేసి పెట్టినదియు ఆయన ఇల్లాలు. పురాణము ఆయన పేరు చెప్పినది, ఆమె పేరు చెప్పలేదు. లేమిలో వంట నెరపు నేర్పు ఎన్ని తరములనుండి పేరులేకయే సాగుచున్నదో దీనివలన తెలియును. విత్తనములు తవ్వి వండుమని, ఇంటి వాసములు నరుకుమని ఎవరికిని చెప్పుట లేదు. అద్దె ఇంటి వాసములను నరికినచో యజమాని ఊరకుండడు. ఆ ఇంట పొదుపును దాసోహమును ఒకే పొయ్యిమీద ఉడికినవని చూపుటకే ఈ కథ.

తుముకూరు సిద్ధగంగా మఠమున దినమునకు పదివేలమంది విద్యార్థులకు కులమత భేదములేక అన్నము పెట్టిన శ్రీ శివకుమార స్వామివారు 2019 జనవరి 21న తమ నూట పదకొండు యేండ్ల వయసున లింగైక్యులైరి. ఆనాడు పిల్లల మధ్యాహ్న భోజనము ముగిసిన పిదపనే ఆ వార్తను వెలిబుచ్చిరి. ఆ వంటశాలకు ధాన్యము ఆకాశమునుండి దిగలేదు. భక్తుల ఇండ్లనుండి, పల్లెల కళ్లములనుండి వచ్చినది.

అందుచేత మిగిల్చినదానికి ఒక పాత్ర యుండవలెను. దక్షిణదేశమున పెక్కు ఇండ్లలో పిడికెడు బియ్యపు ఆచారము పూర్వమునుండి కలదు. దినమును బియ్యము కొలిచిన పిమ్మట, ఎసట పోయుటకు ముందు, అందులోనుండి పిడికెడు తీసి వేరొక కుండలో వేయుదురు. ఇంటివారికి తెలియనైన తెలియదు, అన్నము తగ్గినట్లును తోచదు. పిడికెడు 40 గ్రాములనుకొన్నను నెలకు కిలో దాటును. ఒక వీధిలో పది ఇండ్లు చేసినచో నెలకు పండ్రెండు కిలోలు. ఆ బియ్యము అమావాస్యకు మఠమునకు పంపవచ్చును, లేదా నెలదినములుగా కాల్‌షీటు రాక తలుపు మూసికొని కూర్చున్న పొరుగింటికి పంపవచ్చును. మొదటిది అందరును చూతురు. రెండవది చీకటిపడిన పిదప, పిల్లవానిచేత, కొంగుక్రింద దాచిన గిన్నెలో పంపవలసియుండును. పంపునప్పుడు ఇది మా ఇంట ఎక్కువైనదని చెప్పుట మేలు. కుండకు మూత బిగువుగా నుండవలెను, రెండు వేపాకులు వేయవలెను, నెలకు ఒకమారు తప్పక ఖాళీ చేయవలెను. లేనియెడల అదియు పురుగు పట్టును.